మూలలు కలవని టవలు

చీర అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ చాచి, మూలకు మూల కలిపి, అరచేతి వెనకవైపుతో ఒక్కసారి నిమురుతుంది కస్తూరి. చీర మడత పడుతుంది. చెన్నై పురసవాక్కంలోని చీరల కొట్టులో వయసులో ఉండగా చేరింది. ఇప్పుడు నలభై దాటింది. అప్పటినుంచీ ఇదే పని. కొట్టు బయట కూడా ఆ చేతులు ఊరుకోవు. టిఫిను పొట్లం విప్పితే కాగితాన్ని మడుస్తుంది. బస్సు టికెట్టును మడుస్తుంది. ఎవరినైనా చూడటానికి ఆస్పత్రికి పోతే పక్క మంచం మీది దుప్పటిని మడిచి వస్తుంది. ఎవరైనా అడిగితే, "నేనా?" అంటుంది.

కొట్టులో దానికి ఒక లెక్క ఉంది. ఒకరు వద్దన్న చీర ఇంకొకరి కంట పడకూడదు. ముందు వచ్చినవాళ్ళు విప్పి వదిలేసిన గుట్ట చూస్తే, తర్వాత వచ్చినవాళ్ళకు ఏ చీరా నచ్చదు. అందుకని వాళ్ళు మెట్లు దిగేలోపు బల్ల ఖాళీ కావాలి. అంత వేగం చేతికి రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. వచ్చాక ఇక పోదు.

ఇదంతా నిలబడి చేసే పని. అమ్మేవాళ్ళకు కూర్చునే వీలు ఉండాలని చట్టం వచ్చిన ఏడాది, కొట్టుకు ప్లాస్టిక్ స్టూళ్ళు వచ్చాయి. వారం రోజులు అవి ఖాళీగా ఉన్నాయి. బేరానికి వచ్చినవాళ్ళ ముందు కూర్చోవడం ఎవరికీ చేతకాలేదు. తర్వాత ఎవరో ఒక స్టూలు మీద చీరల కట్ట పెట్టారు. దాన్ని చూసి మిగతావాటి మీదా కట్టలు ఎక్కాయి. కొట్టు యజమాని సాయిరామ్ ముదలాళి కట్టలు తీయమనలేదు. కూర్చోవద్దనీ అనలేదు.

కస్తూరి కాళ్ళ వెనక నరాలు మెలికలు తిరిగి పైకి తేలాయి. ఆస్పత్రిలో డాక్టరమ్మ వేలితో నొక్కి చూసింది.

"ఎక్కువసేపు నిలబడకండి. నడవండి. వీలైతే ఈత కొట్టండి" అంది.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు మునిస్వామి పడీ పడీ నవ్వాడు. అతను కస్తూరి భర్త, ఆటో నడుపుతాడు.

"నిలబడకుండా ఉండే దానికి నువ్వేమన్నా కలెక్టరువా? ఇంగ ఈత యాడ కొడతావు, గణేశపురం సబ్‌వేలోనా?"

వానాకాలంలో వ్యాసర్పాడి దగ్గర ఆ సబ్‌వే నిజంగానే నిండిపోతుంది. కస్తూరీ నవ్వింది. కానీ మరుసటి రోజు నుంచి బస్సెక్కడం మానేసి కొట్టు నుంచి ఇంటికి నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు దారిలో వాన అందుకుంది. కొంగు నడుముకు చెక్కి పరుగెత్తింది. వాన ఆగింది. ఆమె ఆగలేదు.

ఈత మాత్రం ఆలస్యంగా వచ్చింది. కార్పొరేషన్ ఈతకొలనులో ఆడవాళ్ళకు విడిగా ఒక వేళ ఉంది. అక్కడ నేర్పే జెబరాజ్ రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, పెరంబూరు తెలుగువాడు. మొదటి రోజు మెడలోతు నీళ్ళలో నిలబడి గట్టు వదలని కస్తూరితో అన్నాడు:

"ఏమ్మా, గోడ నీ పుట్టింటోళ్ళు కట్టిచ్చిందా? వదులు."

వదిలింది. పాదాలు నేలను విడిచాయి. కాళ్ళ మీద ఏ బరువూ లేదు. కొట్టులో చేరాక అలా ఎప్పుడూ లేదు. ఆమె కళ్ళు మూసుకుని, నీళ్ళ మీద వెల్లకిలా, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఎవరు ఎందుకు ఈదుతున్నావని అడిగినా ఆమెకు చెప్పడం రాలేదు. గుర్తొచ్చేది అదే.

కొన్నాళ్ళకు జెబరాజే ఆ మాట ఎత్తాడు.

"నువ్వు పరిగెత్తుతా ఉండావు. ఈదుతా ఉండావు. సైకిలు ఒకటే తక్కువ. మూడూ ఒకే దినం ఒకదాని ఎనకాల ఒకటి చేస్తే దాన్ని ట్రయాథ్లాన్ అంటారు. మన సముద్రం పక్కన ఈసీఆర్ రోడ్డులోనే జరుగుతుంది. ముందు సముద్రం, మళ్ళ సైకిలు, మళ్ళ పరుగు."

"గెలిస్తే ఏమిస్తారన్నా?"

"గెలిచేది నువ్వు గాదులే. ముగించాల. ఒక్కోదానికీ ఒక టైము ఉండాది. ఆ టైముకు రాకపోతే దారికి అడ్డం తాడు కట్టేస్తారు. ఇంగ ఇంటికి పోవాల్సిందే."

మునిస్వామి ఆటో స్టాండులో ఉండే కన్నియప్పన్ కొడుకు పెళ్ళయ్యాక రేసు సైకిలు తొక్కడం మానేశాడు. సైకిలు కస్తూరికి వచ్చింది. ఇంట్లో ఆ పందేనికి మూడాట అని పేరు పెట్టారు.

పందెం ఆదివారం పెడతారు. చీరల కొట్టుకు అసలైన రోజు అదే. సాయిరామ్ ముదలాళి తాతల నాటి నుంచీ వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం మనిషి. గల్లా దగ్గర కూర్చుని కస్తూరి చెప్పినదంతా విన్నాడు.

"ఆదివారం లీవా? సముద్రంలో ఈదేదానికా?" అన్నాడు. "పెళ్ళి, చావు అని అడిగినోళ్ళను చూసినా గానీ…" కొంచెం ఆలోచించాడు. "సరే, పో. పోయి ముగించుకోని రా."

ఆ మొదటి ఏడు ఆమె ముగించలేదు.

సముద్రం దాటింది. సైకిలు తొక్కుతూ వెనక్కి వస్తూ ఉంటే దూరం నుంచి తాడు కనిపించింది. తాడు పక్కన నిలబడిన మనిషి ఈల నోట్లో పెట్టుకోవడం కూడా కనిపించింది. ఆమె చేరేసరికి తాడు కట్టి ఉంది. ఎంత ఆలస్యమని సాయిరామ్ అడిగితే, "నాలుగు చీరలు మడిచేంత సేపు ముదలాళీ" అంది. ఆమెకు తెలిసిన కొలత అది.

ఎక్కడ పోయింది ఆ కాస్త సేపు? కూతురు శ్రుతి ఫోనులో తీసిన వీడియో చూసేదాకా ఎవరికీ తెలియలేదు. శ్రుతి కాలేజీలో చదువుతోంది. తల్లి నీళ్ళలోంచి రావడం, సైకిళ్ళు వరుసగా నిలిపిన చోటికి పరుగెత్తడం తీసింది. ఈత నుంచి సైకిలుకు మారేది అక్కడే. అందరూ టోపీ ఒక మూల, టవలు ఒక మూల విసిరేసి సైకిలు లాక్కుని పోతున్నారు. కస్తూరి వచ్చింది. తుడుచుకుంది. టవలు అంచును గడ్డం కింద పెట్టింది. మూలకు మూల కలిపింది. నిమిరింది. కొట్టువాళ్ళు ఇచ్చిన తన పసుపు సంచి పక్కన పెట్టింది. ఆ తర్వాత, ఇంకా నీళ్ళలోంచి రాని పక్కనామె జాగాలో నేల మీద పడి ఉన్న టవలు తీసింది.

ఇంట్లో ముగ్గురూ ఫోను మీదికి వంగి ఉన్నారు.

"ఏమే," అన్నాడు మునిస్వామి మెల్లగా, "ఆ యమ్మ సాక్సులు గూడా జత చేసి పెట్టినావు గదే!"

"నేనా?" అంది కస్తూరి.

శ్రుతి నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది. కస్తూరి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, ఆ వీడియో మళ్ళీ ఒకసారి పెట్టమంది. ఈసారి నవ్వలేదు. ఆ చేతులు తనవి. తను చెప్పకుండానే అవి పని చేస్తున్నాయి.

తర్వాతి ఏడు ఆమె ఈత కంటే, సైకిలు కంటే, విసరడం ఎక్కువ నేర్చుకుంది. శ్రుతి గుమ్మంలో నిలబడేది. తల్లి తల మీద రెండు చెంబుల నీళ్ళు పోసుకుని లోపలికి పరుగెత్తి రావాలి. తుడుచుకోవాలి. విసరాలి.

"సీక్కిరం మా! తొరగా విసురు! చూడబాకు, ఆడ పడిందా ఈడ పడిందా అని చూడబాకు!"

మొదట్లో కస్తూరి విసిరినా పెట్టినట్టే ఉండేది. టవలు పోయి కుర్చీ మీద సరిగ్గా పడేది. శ్రుతి తల కొట్టుకునేది. కొన్ని నెలలకు అది టీవీ మీద పడింది. ఒకసారి పొయ్యి మీది పులుసులో పడింది. ఇంకోసారి అప్పుడే ఇంట్లోకి వస్తున్న మునిస్వామి తల మీద పడింది.

"ఊరంతా పెళ్ళాలు మొగుళ్ళ మీద గిన్నెలిసురుతారు," అన్నాడు టవలు తీయకుండానే. "నా కర్మకు తడి టవలు."

కొట్టులో పక్క బల్ల దగ్గర అమ్మే కలైవాణికి ఈ సంగతి తెలిసి ప్రాణం లేచి వచ్చింది. ఆమెది తమిళ ఇల్లు. కస్తూరితో ఇన్నేళ్ళు నిలబడి తెలుగు పట్టుకుంది.

"అక్కా, ఇంద, ఈ చీర విసురు చూస్తా. పట్టుచీర. ముదలాళి చూడడు."

కస్తూరి చీర అందుకుంది. అంచు గడ్డం కిందికి పోయింది.

"అది సరి," అంది కలైవాణి. "నువ్వు ఈ జన్మకు మడిచేదే."

మళ్ళీ ఆదివారం సెలవు అడిగినప్పుడు సాయిరామ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదే ఆఖరు కస్తూరీ. ఒకరికి రెండుసార్లు ఇచ్చినానంటే మిగతావాళ్ళు అడగరా? మూడోసారి నన్ను అడగబాకు."

కోపంగా అనలేదు. అందుకే అది ఉత్త మాట కాదని ఆమెకు తెలిసింది. ఈసారి తాడు కట్టేస్తే ఇంకోసారి లేదు.

పందెం రోజు మునిస్వామి ఆటో వెనక సీటులో కస్తూరీ శ్రుతీ, వాళ్ళ ఒళ్ళో ముందు చక్రం తీసిన సైకిలు. తెల్లవారేసరికి సముద్రం బూడిద రంగులో ఉంది. పందేనికి ఆడవాళ్ళు తక్కువ. వాళ్ళ సైకిళ్ళన్నీ ఒకే వరుసలో నిలిపారు. కస్తూరి తన పసుపు సంచిని సైకిలు కింద పెట్టి నీళ్ళ వైపు నడిచింది.

అలలు దాటేవరకే భయం. దాటాక సముద్రం కొలను కంటే మెత్తగా ఉంది. ఉప్పు మనిషిని పైకి పట్టి ఉంచుతుంది. ఆమె తొందరపడలేదు. చెయ్యి చాచడం, నీటిని వెనక్కి నెట్టడం, పక్కకు తల తిప్పి ఊపిరి తీసుకోవడం. ఒడ్డు ఒకసారి కనిపించేది, ఒకసారి ఉండేది కాదు.

ఇసుక మీదికి వచ్చి పరుగెత్తింది. సైకిళ్ళ వరుస దగ్గరికి చేరేసరికి ముందు వెళ్ళినవాళ్ళ బట్టలన్నీ నేల మీద పడి ఉన్నాయి. ఎరుపు టవలు. నీలం టోపీ. లోపలివైపు బయటికి తిరిగిన సాక్సు. ఆమె తుడుచుకుంది. టవలు అంచు గడ్డం వైపు లేచింది.

"అమ్మా!" కంచె అవతలి నుంచి శ్రుతి గొంతు.

కస్తూరి విసిరింది. అది ఎక్కడ పడిందో చూడలేదు.

రోడ్డు పొడవునా ఒక పక్క సరుగుడు తోపులు, ఇంకో పక్క ఉప్పు మళ్ళు. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది. తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలబడింది. తొడలు మండాయి. ఆమె హ్యాండిలు మీదికి వంగి, గాలి కిందినుంచి దూరిపోతున్నట్టు తొక్కింది. తాడు దగ్గరి మనిషి దూరం నుంచి కనిపించాడు. ఈల ఇంకా అతని మెడలోనే వేలాడుతోంది. తాడు నేల మీద ఉంది. ఆమె దాని మీదుగా దాటింది.

అవతల మునిస్వామి రెండు చేతులూ ఎత్తి గంతులు వేస్తున్నాడు. "ఇంగా అయిపోలేదు! పరుగుండాది! పో!"

సైకిలు నిలిపి బూట్లు మార్చుకోవాలి. సంచి కోసం వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది.

ఆమె విసిరేసిన టవలు సంచి పక్కన ఉంది. ఎవరో మడిచి పెట్టారు. టోపీ కూడా దాని మీద ఉంది.

మడిచారు గానీ, ఘోరంగా మడిచారు. ఒక మూల లోపలికి పోయింది, ఇంకో మూల నాలుకలాగా బయటికి వేలాడుతోంది. మధ్యలో గాలి ఉబ్బి ఉంది. కొట్టులో కొత్తగా చేరిన పిల్ల మొదటి రోజు కూడా ఇంతకంటే బాగా మడుస్తుంది. విప్పి ఉన్న గుడ్డనైనా ఆమె వదిలి రాగలిగింది. ఇది వదలడం వల్ల కావడం లేదు. ఒక్క దులుపు, ఒక్క మడత. ఎంతసేపు? చేతులు ముందుకు పోయాయి. టవలు మీద ఆనాయి.

"అమ్మా, వద్దు," అంది శ్రుతి. ఈసారి అరవలేదు. దాదాపు బతిమాలినట్టు అంది.

కస్తూరి చేతులు వెనక్కి తీసుకుంది. బూట్లు తొడుక్కుంది. మూలలు కలవని ఆ టవలును అలాగే వదిలి పరుగు అందుకుంది. అంత కష్టం సముద్రంలో లేదు, గాలిలో లేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. పరుగులో ఎంత వచ్చాను, ఎంత పోవాలి అని లెక్కపెట్టుకుంటే కాళ్ళు పడిపోతాయని జెబరాజ్ చెప్పాడు. అందుకని ఆమె ఊహలో కొట్టు అలమారా తెరుచుకుంది. ఒక్కో కరెంటు స్తంభానికీ ఒక్కో చీర. కింది వరుసలో మామిడిపండు, నిమ్మ, పసుపు. దాని పైన చిలకపచ్చ, నాచు, నెమలికంఠం. మనసులో అనుకుంటున్నానని అనుకుంది గానీ బయటికే అంటోంది.

"వంకాయ రంగు… ఇటుక రంగు…"

"అక్కా, తెలుగోళ్ళా?"

రోడ్డు పక్కన ఒక అమ్మాయి పిక్క పట్టుకుని వంగి నిలబడి ఉంది. కండ పట్టేసినట్టుంది. కస్తూరి వేగం తగ్గించింది.

"ఆమా, తెలుగే. నువ్వు?"

"నెల్లూరు. పని అంబత్తూరులో. నా పేరు జీవిత." ఆ అమ్మాయి కుంటుతూ పక్కన నడక కలిపింది. "పసుపు సంచి మీదే గదా? పోయినేడాది గూడా నా పక్క జాగాలో అదే సంచి. నా టవలు మడిచింది మీరే."

కస్తూరికి సిగ్గేసింది. "సాక్సులు గూడా నేనే. ఏమనుకోబాకమ్మా."

"పోయినేడాది నేను నీళ్ళలో బాగా భయపడిపోయినా అక్కా. ఏడ్చుకుంటా బయటికొచ్చినా. ఇంక చాలు, బట్టలు తీసుకుని పోదామనుకుంటే నా టవలు మడిచి ఉంది. ఎవరో నేను వస్తానని కనిపెట్టుకోని ఉన్నట్టు అనిపించింది. సైకిలెక్కేసినా. పందెం ముగించినా."

కస్తూరికి నాలుగు చీరలంత సేపు ఎక్కడ పోయిందో ఇప్పుడు పూర్తిగా తెలిసింది.

"నీ కోసమని మడవలేదమ్మా," అంది. అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. "చేతులూరుకోక."

"ఎట్లయితే ఏంలే అక్కా. అందుకే ఈసారి మీ ఎనకాలే నీళ్ళలోంచి వచ్చి మీది నేను మడిచినా."

"అది నువ్వా!" కస్తూరి ఆగింది. "చూసినా. దానికంటే నా మొహాన కొట్టుంటే బాగుండు. మూలలు కలవద్దా?"

జీవిత నవ్వింది. నవ్వుకు పిక్క మళ్ళీ పట్టేసి, "అబ్బా" అంటూ కస్తూరి భుజం పట్టుకుంది. కస్తూరి వంగి ఆమె పాదాన్ని పట్టి ముని వేళ్ళను పైకి వంచింది. నిలబడి నిలబడి కొట్టులో అందరికీ కండ పట్టేస్తుంది. ఒకరికొకరు చేసుకునేది అదే.

"పద," అంది. "ఇంగ పైవరుస మిగిలుండాది. నేనొక రంగు చెప్తా, నువ్వొకటి చెప్పు."

వాళ్ళు పరుగెత్తారు. అది పరుగని చూసేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. కస్తూరి మిరపపండు అనేది, జీవిత మెరూన్ అనేది. అది రంగు కాదని, ఎండిన మిరపపండు అనాలని కస్తూరి దిద్దేది. అలా స్తంభాలు వెనక్కి పోయాయి. చివరి మలుపు తిరిగేసరికి తాడు దగ్గరి మనిషి ఈల చేతిలోకి తీసుకున్నాడు.

"పరిగెత్తమే!" ఎక్కడి నుంచో మునిస్వామి అరుస్తున్నాడు. "కస్తూరీ! పరిగెత్తు!"

ఆమె జీవిత చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గీత దాటాక ఈల మోగింది. వెనక తాడు బిగిసింది.

శ్రుతి వచ్చి మీద పడింది. ఏడుస్తూ తమిళంలో ఏమేమో అంటోంది. మునిస్వామి దగ్గరికి వచ్చి, పందెం ముగించినందుకు ఆమె మెడలో వేసిన పతకాన్ని పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆమె ముఖం తుడిచాడు. తర్వాత, అలవాటు లేని పని, దాన్ని ఆమె చేతికి ఇచ్చాడు.

"ఇంద," అన్నాడు. "మడుచుకో."

మరునాడు సోమవారం. కస్తూరి కాళ్ళు రోకళ్ళలా ఉన్నాయి. కొట్టు మెట్లు పక్కకు తిరిగి ఒక్కొక్కటిగా ఎక్కింది. కలైవాణి ఎదురొచ్చి పతకాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"బంగారమా అక్కా?"

"కవరింగే."

గల్లా దగ్గర దేవుడి పటానికి పూలు పెడుతున్న సాయిరామ్ వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఈసారి ఎన్ని చీరల ఆలస్యం?"

"లేదు ముదలాళీ. ముందే వచ్చినా."

అతను తిరిగి చూశాడు. చేతిలో పువ్వు అలాగే ఉంది. తల ఊపాడు.

కస్తూరి తన బల్ల వెనక్కి పోయింది. స్టూలు మీద ఉన్న చీరల కట్టను రెండు చేతులతో ఎత్తి అలమారాలో పెట్టింది. స్టూలు మీది దుమ్మును కొంగుతో తుడిచింది. బల్లకు దగ్గరగా లాక్కుని కూర్చుంది. కలైవాణి ముదలాళి వైపు చూసింది. ముదలాళి పటం వైపు తిరిగి అగరుబత్తి వెలిగించాడు.

మొదటి బేరం వచ్చింది. తల్లీకూతుళ్ళు. పెళ్ళి చీరలన్నారు. లేచి నిలబడటానికి కస్తూరి మోకాళ్ళు అలవాటుగా కదిలాయి. ఆమె లేవలేదు.

"రండమ్మా, కూర్చోండి," అంది, ఎదురుగా ఉన్న కుర్చీలు చూపిస్తూ. పై వరుసలోంచి ఎండిన మిరపపండు రంగు చీరను లాగి, కూర్చునే, వాళ్ళ ముందు విప్పింది.